యాభైలో ఎన్ని?

మా భాంజా గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. ఇరవై ఆరేళ్లు. జుమ్మా తప్పడు, రోజాలు తప్పడు, ఆఫీసు డెడ్‌లైన్లు కూడా తప్పడు. నెలకోసారి వాళ్ల టీమంతా కలిసి బయటికి పోతుంది. ఎక్కువసార్లు పోయేది బీరు అక్కడికక్కడే కాచి పోసే చోటికి. మైక్రోబ్రూవరీ అంటారట. అక్కడ వీడు మామిడి రసం గ్లాసు ముందు పెట్టుకుని రెండు మూడు గంటలు కూర్చోవాలి. తాగమని ఎవరూ జబర్దస్తీ చెయ్యరు. షరీఫ్ పిల్లలే. "వీడికి జ్యూస్ చెప్పండ్రా" అని వాళ్లే ముందుగా యాది చేస్తారు. వాడి తక్లీఫ్ అది కాదు.

"వాళ్లు మాట్లాడుకుంటరు మామూ," అన్నాడు ఒక ఇత్వార్ నాడు. "ఒకడు నారింజ తొక్క వాసన అంటడు. ఇంకొకడు కాదు, దేవదారు చెక్క అంటడు. చేదు ముందు తగిలిందా, మింగినంక తగిలిందా అని గంటసేపు బహస్. నా వంతు వస్తే 'జ్యూస్ బాగుంది' అంట. ముట్టనందుకు నాకేం బాధ లేదు. కానీ నోరుండి కూడా నోరు లేనోడి లెక్క కూర్చుంటున్న."

తాగుడు గురించి మనం విన్న బయాన్లు తక్కువా? గునా గురించి విన్నాం. సెహత్ గురించి విన్నాం. ఇల్లు అమ్ముకున్నవాళ్ల కహానీలు, పెళ్లాం నగలు తాకట్టు పెట్టినవాళ్ల కహానీలు విన్నాం. అన్నీ నిజాలే, ఇంకా చెప్పాల్సినవే. కానీ ఈ పిల్లవాడి షికాయత్ వేటికీ అందదు. వీడికి నషా మీద మోజు లేదు. రుచి గురించి జరిగే గుఫ్తగూలో తనకి కుర్చీ లేదని రంజ్. దీనికి "హరామ్ బేటా, వదిలెయ్" అంటే జవాబు కాదు. వాడు వదిలేసే వచ్చాడు మరి.

ఆ రోజు వాడు జేబులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ పుడియా తీశాడు. దోస్త్‌కి ఎవరో అమెరికా నుంచి తెచ్చిచ్చారట. అందులో పచ్చటి గుళికలు, మేకలకి వేసే దాణా గుళికల్లాంటివి. "ఇవి హాప్స్ మామూ. బీర్ల చేదు, వాసన, అంతా వీటితోనే. ఇవి హరామా?"

"వేప పువ్వు హరామా?"

"కాదు."

"ఇదీ పువ్వే."

నిజంగానే పువ్వు. చల్లటి దేశాల్లో పందిరికి పాకే ఒక తీగ పువ్వు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. వృక్షశాస్త్రం లెక్కన గంజాయి మొక్క దీనికి దగ్గరి చుట్టం. (చుట్టాల వల్ల బద్నాం కావడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా?) నషా ఇచ్చేది ఈ పువ్వు కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని చక్కెరని ఖమీర్ తిని అల్కహాల్‌గా మారుస్తుంది. పువ్వు పని చేదు, వాసన ఇవ్వడం, పాడవకుండా కాపాడడం.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకి పోలేను. ఉర్దూ మీడియంలో చదివినవాడికి ఈ జబ్బు ఉంటుంది, మాట దొరికితే దాని షజ్రా తవ్వకుండా ఉండలేడు. ఖమ్ర్ అనే అరబీ మాటకి ధాతువు ఖా, మీమ్, రా. కప్పడం అని దాని మూలార్థం. తలని కప్పేది ఖిమార్. అక్ల్‌ని కప్పేది ఖమ్ర్. పిండిని పొంగించేది ఖమీర్. ఒకే ఇంట్లో ముగ్గురు. ఒకరు ఆపా తల మీద ఉంటారు, ఒకరు మన ఖమీరీ రోటీలో ఉంటారు, మూడోవారిని గడప తొక్కనివ్వం. అంటే పులియడం మీద మనకి పగ లేదు. కప్పేయడం మీదే పేచీ.

"మరి జీరో బీరు?" అని అడిగాడు భాంజా. నున్నటి డబ్బాల మీద 0.0 అని రాసి అమ్ముతున్నారు కదా, అది. దాని మీద ఉలమాల్లోనే వేర్వేరు రాయిలున్నాయి. నషా లేకపోతే ఏమిటని కొందరు, ఆ పోలిక కూడా వద్దని కొందరు. ఫత్వా ఇవ్వడం జర్నలిస్టు పని కాదు, ముఫ్తీ సాబ్‌ని అడగమన్నాను. మనవాళ్లు ఇలాంటి బహస్‌లు చాలా చేశారని మాత్రం చెప్పాను. 1511లో మక్కాలో కాఫీ మీదే ముకద్దమా నడిచింది. ఖైర్ బేగ్ అనే హాకిమ్ ఉలమాలని కూర్చోబెట్టి కాఫీని బంద్ చేయించాడు. తర్వాత కైరో నుంచి వచ్చిన హుకుమ్‌తో ఆ పాబందీ సడలిపోయింది. కహ్వా అనే మాటనే అంతకు ముందు అరబీలో శరాబ్‌కి కూడా వాడేవారు. ఇవాళ బార్కస్‌లో కూర్చుని గావా తాగే పెద్దమనుషులకి ఆ సంగతి చెప్తే ఎట్ల చూస్తారో!

సరే, హాప్స్ సంగతి. వాడు ఫోన్‌లో ఇంకో వింత చూపించాడు. బీరుని రుచి చూసి మార్కులు వేయడానికి అమెరికాలో 1985 నుంచి ఒక సంస్థ ఉంది, బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అని. పరీక్ష రాసి పాసైతే జడ్జి అవుతారు. వాళ్ల మార్కుల కాగితం యాభైకి ఉంటుంది. వాసనకి 12. చూపుకి 3. రుచికి 20. నోట్లో తగిలే తీరుకి, అంటే చిక్కదనం, మృదుత్వం, పట్టేయడం లాంటివాటికి 5. మొత్తం మీద ఎట్లుంది అన్నదానికి 10. ముప్పై ఎనిమిది దాటితే ఎక్సలెంట్, నలభై అయిదు దాటితే ఔట్‌స్టాండింగ్.

చేదుకి కూడా కొలత ఉంది. ఐబీయూ అంటారు. హాప్స్‌ని నీళ్లల్లో మరగబెడితే అందులోని ఒక ఆమ్లం రూపం మార్చుకుని చేదుగా కరుగుతుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము అట్లా కరిగితే ఒక ఐబీయూ. భాంజా టీమ్ బహస్ చేసేది ఇండియా పేల్ ఏల్ అనే జాతి బీరు గురించి. దానికి 40 నుంచి 70 దాకా చేదుంటుంది, అల్కహాల్ అయిదున్నర నుంచి ఏడున్నర శాతం. ఇంకా ఘాటైనదాన్ని డబుల్ అంటారు, అది పది శాతం దాకా పోతుంది.

పేరులో ఇండియా ఎందుకు? మన దగ్గరున్న గోరాల వల్లే. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ అనే అతను కాచిన లేత రంగు బీరు ఓడలెక్కి నెలల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికొచ్చేది. చేదు ఎక్కువుంటే దారిలో పాడవదు. 1820ల నుంచి బర్టన్ ఊరి కంపెనీలు కూడా పోటీకి దిగాయి. ఇండియా కోసమే కనిపెట్టారన్న కహానీ పూర్తిగా సచ్ కాదు, అలాంటి గట్టి బీరు విలాయత్‌లో ముందే ఉంది. కానీ పేరు ఇక్కడిది అంటుకుంది. మా సికింద్రాబాద్ కూడా అదే గోరాల కోసం పుట్టిన ఊరు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టి కంటోన్మెంట్ కట్టారు. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ బీరు పేరు మళ్లీ ఈ ఊరి పిల్లల నోట్లో ఆడుతోంది. మధ్యలో గోరాలు పోయారు, చేదు మిగిలింది.

"తాగనివాడు తాగేదాని గురించి మాట్లాడొద్దని ఎవరన్నారు?" అన్నాను వాడితో. మేము బళ్లో చదివిన ఉర్దూ గజల్ నిండా సాకీ, మైఖానా, పైమానా. వాటి మానీ చెప్పిన మా ఉస్తాద్ సోడా కూడా తాగేవాడు కాదు. రియాజ్ ఖైరాబాదీ అని ఒక షాయర్ ఉన్నాడు, 1853లో పుట్టి 1934లో పోయాడు. శరాబ్ మీద ఆయన రాసినన్ని షేర్లు రాసినవాళ్లు తక్కువ. ఆయన ఒక్క చుక్క ముట్టలేదని ఉర్దూ లోకంలో అందరూ చెప్పుకునే మాట.

"ఆయన షాయర్ మామూ. నేను జావా డెవలపర్‌ని," అన్నాడు.

అది కూడా నిజమే. మాటలతో కడుపు నిండే పిల్లవాడు కాదు. అందుకని వాడి ఇంటికే పోయి గుళికలు మరగబెట్టాం. చిలకలగూడలో ఆపా ఇల్లు. ఆపా పక్కింట్లో ఎవరినో పర్సాకి పలకరించడానికి పోయిందని తెలిసే పోయాం. గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు, నాలుగైదు గుళికలు. ఖమీర్ లేదు, బార్లీ లేదు, నషాకి దారి లేదు. ఒట్టి పువ్వు కషాయం.

మొదట వాసన. మరగక ముందు గుళికని అరచేతిలో నలిపితే పంపరపనస తొక్క గిల్లినట్టు వచ్చింది. దాని వెనక తడిసిన గడ్డి. ఇంకా వెనక కొంచెం వెల్లుల్లి లాంటిదేదో. నాకు బాగా నచ్చింది, దాచడమెందుకు. పన్నెండులో తొమ్మిది వేశాను. మరిగేకొద్దీ పంపరపనస ఎగిరిపోయింది. గడ్డి మిగిలింది. అందుకే బీరు కాచేవాళ్లు చేదు కోసం కొన్ని ముందు వేస్తారట, వాసన కోసం కొన్ని దించే ముందు వేస్తారట. మనం బిర్యానీలో గరం మసాలా ఒకసారి, ఆఖర్న పుదీనా, జాఫ్రాన్ ఒకసారి వేసే లెక్కే.

రంగు, మసక పచ్చ. మూడులో ఒకటి.

రుచి? నాలుక మీద పెట్టగానే ఏమీ లేదు. ఒక్క క్షణం ఆగి గొంతు దగ్గర పట్టుకుంది. వేపాకు నమిలినట్టు కాదు, వేపాకు ముందే కొడుతుంది. ఇది మింగినంక లేస్తుంది. లేచి పోదు. నీళ్లు తాగితే కూడా పోలేదు. చేదుని పొగిడేవాళ్లు ఏం పొగుడుతారో సమజైంది గానీ ఒట్టి చేదు ఎంతసేపని! తోడుగా తీపి లేదు, నూనె లేదు, ఏదీ లేదు. ఇరవైలో ఆరు. భాంజా నాలుగే వేశాడు. వాడి మొహం చూస్తే ఆ నాలుగు కూడా మురవ్వత్ కొద్దీ వేసినట్టుంది.

అప్పుడే ఆపా వచ్చేసింది. దుపట్టా కొంగుతో ముక్కు మూసుకుని వంటింట్లోకి చూసి, "ఏం కాస్తున్నర్రా? ఎవరికి బుఖార్?" అంది. సంగతి చెప్పాం. బీరు అన్న మాట వినగానే తౌబా తౌబా అంటూ కిటికీ తెరిచింది. పువ్వు మాత్రమే, నషా లేదు, మెంతుల కషాయం లాంటిదే అని భాంజా కసమ్‌లు వేశాడు. ఆపా చెంచాలో నాలుగు చుక్కలు తీసుకుని బిస్మిల్లా అని నాలుక మీద వేసుకుంది. ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"కడ్వా ఉంది. కసైలా లేదు," అంది. గిన్నె ఎత్తి సింకులో పారబోసింది.

ఈ రెండు మాటల కోసం మేము ఫోన్‌లో గంటసేపు వెతికాం. కడ్వా అంటే చేదు. కసైలా అంటే వగరు. మన నోళ్లకి ఈ ఫర్క్ పుట్టుకతో తెలుసు. నేను తెలుగు డిగ్రీలో షడ్రుచుల గురించి రాసిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. ఉగాదికి పక్కింటి పిన్నిగారు పంపే పచ్చడిలో వేప పువ్వు చేదు, మామిడి పిందె వగరు, రెండూ వేరువేరుగా నాలుక మీద నిలబడతాయి. చేదు ఒక రుచి. వగరు ముట్టుకున్నట్టు ఉండేది, నోట్లో తడి లాగేసి నాలుకని గరుకు చేసేది. అందుకే ఆ బీరు జడ్జీలు కూడా దాన్ని రుచి కింద కాకుండా నోటికి తగిలే తీరు కింద రాస్తారు. హాప్స్‌లో ఉన్నది ఎక్కువగా చేదు. చాయ్‌లో రెండూ ఉంటాయి. కెఫీన్‌ది చేదు, టానిన్లది వగరు. కడక్ చాయ్ అని మనం అనేది ఈ రెండు కలిసి చేసే దాదాగిరీని.

"అమ్మీ, నువ్వు రా మాతోటి," అన్నాడు భాంజా ఆ రాత్రి. "ఇరానీ చాయ్‌కి మార్కులేద్దాం."

"నేనా? హోటల్లనా?"

నవ్వింది. ఆపా పుట్టింది, పెరిగింది, పెళ్లయి వచ్చింది, అంతా స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలోనే. యాభై అయిదేళ్లల్లో ఒక్కసారి కూడా ఇరానీ హోటల్లో కుర్చీ మీద కూర్చుని చాయ్ తాగలేదు. మా చిన్నప్పుడు మెహమాన్లు వస్తే అబ్బా కేతిలీ ఇచ్చి నన్ను పంపేవాడు. హోటల్ చాయ్ ఆపాకి కేతిలీ అడుగున మిగిలిన చల్లటి చాయ్. కొన్ని హోటళ్లల్లో ఫ్యామిలీల కోసం పర్దా కట్టిన కేబిన్లుండేవి. అక్కడికి తీసుకుపోవాలన్నా ఒక మగమనిషికి ఖయాల్ రావాలి కదా.

ముందు నేనూ భాంజా ఇద్దరమే ఒక చోటికి పోయాం. పేరు రాయను. బోర్డు మీద ఇరానీ అని పెద్ద అక్షరాలు, లోపల ఏసీ, గోడ మీద సమావార్ బొమ్మ. కాగితం కప్పులో వచ్చింది. వాసనలో ఇలాయిచీ ఒక్కటే ఉంది, చాయ్ లేదు. చాయ్‌లో లోపం ఉంటేనే ఇలాయిచీ అంత గట్టిగా మాట్లాడుతుంది. పాలపొడి నాలుకకి పొరలా అంటింది. చక్కెర మాత్రం నిజాయితీగా ఉంది. యాభైలో పద్దెనిమిది. భాంజా ఇరవై రెండు వేశాడు, ఏసీకి నాలుగు కలిపానని ఒప్పుకున్నాడు.

ఇరానీ చాయ్ కిటుకు మీకందరికీ తెలిసిందే, అయినా ఒకసారి చెప్పనివ్వండి. బొంబాయి మీదుగా యజ్ద్, కిర్మాన్ వైపు నుంచి వచ్చిన ఇరానీలు వాళ్ల దేశంలో పాలు కలపరు. నల్లటి చాయ్, పంటి కింద చక్కెర గడ్డ, అంతే. పాలు మన దగ్గర కలిశాయి. చాయ్‌పత్తిని పాలల్లో వేసి ఉడికించడం కాదు. డికాక్షన్ వేరే, పాలు వేరే. డికాక్షన్ గిన్నె మూతి మూసి సన్న మంట మీద దమ్ ఇస్తారు. పాలు ఇంకో పక్క చిక్కబడేదాకా కాగుతుంటాయి. కప్పులో కలిసేది ఆఖరి నిమిషంలో.

ఇప్పుడు ఆలోచించండి. పత్తిని అంతసేపు మరిగిస్తే చేదు, వగరు మొత్తం దిగుతాయి. చాయ్ రుచి చూసే నౌకరీ చేసేవాళ్లు అట్ల చెయ్యరు. వాళ్లకి 1980 నుంచి అంతర్జాతీయ కొలతే ఉంది: నూరు మిల్లీలీటర్ల మరిగిన నీళ్లకి రెండు గ్రాముల పత్తి, ఆరు నిమిషాలు, అయిపోయింది. మన ఇరానీ డికాక్షన్ వాళ్ల నాలుక మీద పడితే చెయ్యెత్తి దండం పెడతారు. ఆ డికాక్షన్‌ని మనిషి తాగేలా చేసేది చిక్కటి పాలు. పాలల్లోని కేసీన్ అనే ప్రొటీన్ టానిన్లని పట్టుకుని ముడేస్తుంది, వగరు తగ్గుతుంది. చేదు మాత్రం కొంత అట్లే ఉండిపోతుంది. వగరు పోయి చేదు మిగలడం, అదే ఇరానీ చాయ్ కమాల్. పాలు పల్చనైతే వగరు పోదు. పాలపొడి వేస్తే వగరు పోయినా నోట్లో జిగట మిగులుతుంది. డికాక్షన్‌కి దమ్ సరిపోకపోతే చేదే ఉండదు, ఒట్టి తీపి పాలు. మూడూ కుదరడం కష్టం. రోజూ, ప్రతి గంటా కుదరడం ఇంకా కష్టం. సస్తాగా అమ్మాల్సిన చాయ్‌లో అది కుదరదని మంచి మంచి హోటళ్లే చేతులెత్తేస్తున్నాయి.

రెండో ఇత్వార్ ఆపా వచ్చింది. నల్ల బుర్ఖా, చేతిలో చిన్న పర్సు, మొహంలో ఏదో ఎగ్జామ్ రాయడానికి పోతున్న పిల్ల ఘబ్రాహట్. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్. 1874 నుంచి రైళ్లు దిగుతున్న స్టేషన్ అది. దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు, ఎవరినో దింపడానికి వచ్చినవాళ్లు, అందరూ ఆల్ఫాలో ఒక కప్పు దించుకునే పోతారు. సందడి మస్తుగా ఉంది. ఒక టేబుల్ ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాం. మధ్యలో ఆపా రెండుసార్లు, "ఇంటికి పోయి నేనే చేసిస్త పా" అంది. భాంజా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

మూడు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కట్లు. వాడు సంచిలోంచి ప్రింట్ తీసిన మూడు కాగితాలు తీశాడు. ఆపాకి చదివి వినిపిస్తూ ఉర్దూలో గడులు రాసిచ్చాడు: ఖుష్బూ, రంగ్, జాయికా, మూహ్ మే కైసా, కుల్ మిలాకే. నాలుగోది చూసి ఆపా మళ్లీ నవ్వింది.

నా కాగితం ముందు చెప్తాను. ఖుష్బూలో పత్తి ముందు వచ్చింది, పాలు వెనక వచ్చాయి, ఇలాయిచీ జోలికి పోలేదు. పది. రంగు, తడిసిన ఇటుక, పైన సన్నటి మలాయి పొర. మూడుకి మూడు. జాయికాలో మొదట తీపి, తర్వాత పాల కమ్మదనం, మింగినంక గొంతు దగ్గర చేదు. హాప్స్ లేచిన చోటే లేచింది. కానీ ఇది లేచి, కూర్చుని, పోయింది. పదహారు. నోట్లో పట్టు నాలుగు, మొత్తం మీద ఎనిమిది. నలభై ఒకటి. భాంజాకి నలభై నాలుగు వచ్చింది. వాడు "దేవదారు చెక్క" అని కూడా రాశాడు. దేవదారు చెక్కని ఎప్పుడు చూశావురా అంటే, "ఆఫీసులో అందరూ రాస్తరు మామూ" అన్నాడు. కొట్టేయించాను. గుజిష్తా హఫ్తా తిన్నదాంతో పోల్చమన్నాను. చాలాసేపు ఆలోచించి, "వేయించిన శనగల పొట్టు" అని రాశాడు. అది నేను పట్టుకోలేదు. మళ్లీ ఒక గుక్క తాగి చూస్తే ఉంది.

ఆపా సాసర్‌లో పోసుకుని సుర్ర్‌మని పీల్చింది. భాంజా అటూ ఇటూ చూశాడు. "సిగ్గుపడకు," అన్నాను, "చాయ్ కంపెనీల్లో జీతం తీసుకుని రుచి చూసేవాళ్లు కూడా ఇట్లనే పీలుస్తరు. చప్పుడు ఎంత వస్తే అంత మంచిది. చాయ్ తుంపర్లు తుంపర్లుగా నోరంతా తగిలి వాసన ముక్కు వెనక్కి ఎక్కుతది." ఆపా ఇవేమీ వినడం లేదు. ఆమె కళ్లు సాసర్ మీద ఉన్నాయి.

"పాలు పొద్దున్నవి కావు, ఇప్పుడే రెండో గిన్నె పెట్టిండ్రు," అంది. "ఇంకా పది నిమిషాలు కాగాలె. పొంగినయి గానీ చిక్కవడలే." ఖుష్బూకి తొమ్మిది వేసింది. రంగుకి మూడు. జాయికా దగ్గర చాలాసేపు ఆగి పదహారు. నోట్లో ఎట్లుంది అంటే అయిదుకి అయిదు. "వగరు లేనే లేదు. డికాక్షన్ మంచోడి చేతిల ఉంది. పాలోడే తొందరపడ్డడు."

మొత్తం మీద అన్న గడిలో ఆరు.

"ఆరేనా అమ్మీ? ఇంత బాగుందని చెప్తున్నవ్ కదా."

"పదికి పదేస్తే రేపటి నుంచి పాలల్ల నీళ్లు పోస్తరు."

ముప్పై తొమ్మిది. మా ముగ్గురిలో తక్కువ మార్కులు ఆమెవే. మూడు కాగితాల్లో ఎందుకో రాసి ఉన్న కాగితం కూడా అదొక్కటే. భాంజా తన దానికేసి, దానికేసి మార్చి మార్చి చూశాడు. తర్వాత అడిగాడు, "మరి నీ చాయ్‌కి ఎన్ని వేసుకుంటవ్ అమ్మీ?"

"నా చాయ్‌కి మార్కులా?" ఉస్మానియా బిస్కట్ విరిచి ఒక సగం వాడి సాసర్‌లో పెట్టింది. "ముప్పై ఏళ్ల సంది తాగినోళ్లు తాగి కప్పు పెట్టి లేసిపోయిండ్రు. మీ అబ్బా ఒక్కసారి, నువ్వు పుట్టిన సాల్, చక్కెర ఎక్కువైందన్నడు. అంతే."

ఎవరం ఏమీ అనలేదు. పక్క టేబుల్ వాళ్లు వరంగల్ పాసింజర్ లేటని గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

వెయిటర్ వచ్చి బిల్లు వేయమంటారా అని నన్ను అడిగాడు. ఆపా నా మోచెయ్యి తట్టింది.

"ఒట్టి డికాక్షన్ దొరుకుతదా అడుగు. పాలు కలపకుండ. అసలు దాని తాకత్ ఏందో చూద్దాం."

నేను నోరు తెరిచేలోపల భాంజా, "మీరే అడగండి అమ్మీ" అన్నాడు. ఆపా దుపట్టా సర్దుకుని అతని వైపు తిరిగి అడిగింది. అతను ఒక్క క్షణం తికమకపడి, లోపలికి కేకేశాడు. చిన్న కప్పులో వచ్చింది. దాదాపు నలుపు, అంచుల దగ్గర ఎరుపు. ఆపా సాసర్‌లో సగం పోసి, ముందు వాసన చూసి, సుర్ర్‌మని పీల్చి కళ్లు మూసుకుంది. భాంజా నాలుగో కాగితం తీసి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.